విశాఖలో గ్రామఫోను సాయంత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలనెలా రెండో ఆదివారం సాయంత్రం పెదవాల్తేరులోని మా ఇంటి వరండాలో, కీ ఇచ్చే గ్రామఫోన్ల మీద పాత రికార్డులు వేసి నలుగురికీ వినిపిస్తున్నాం. ఎక్కువగా 1920లు, 30ల నాటి అమెరికన్ జాజ్. మధ్యమధ్యలో మన నాటకాల పద్యాలూ, కచేరీ రికార్డులూ. వచ్చినవాళ్ళూ, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళూ పదే పదే అడిగేవి ఇక్కడ రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పొడుగైంది. అవి నాకు బాగా ఇష్టమైన ప్రశ్నలు.

అక్కడ ఏం జరుగుతుంది?

ఐదున్నరకి మొదలై ఏడున్నరకి అయిపోతుంది. ఆ రెండు గంటల్లో పన్నెండో పద్నాలుగో రికార్డులు వేస్తాను. ఒక్కో వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. వేసే ముందు అది ఎవరిది, ఎప్పుడు, ఏ ఊళ్ళో రికార్డు చేశారు అన్నది రెండు ముక్కల్లో చెబుతాను. పాట అయ్యాక ముల్లు మార్చి, మళ్ళీ కీ ఇచ్చి, ఇంకోటి వేస్తాను. కీ ఇవ్వాలని ఉన్నవాళ్ళు ముందుకి రావచ్చు. మైకూ స్పీకరూ ఉండవు. అందుకని మాటలన్నీ పాటకీ పాటకీ మధ్యే.

టికెట్టు ఉందా?

లేదు, విరాళాలు కూడా తీసుకోం. పాతిక కుర్చీలున్నాయి, ఆ తరవాత వచ్చినవాళ్ళకి చాపలు. అల్లం టీ ఇస్తాం. గ్లాసు మాత్రం రికార్డుల బల్ల దగ్గరికి తేవద్దు.

ఇదంతా ఎలా మొదలైంది?

మా తాతయ్య వాల్తేరులో రైల్వే గార్డుగా చేశారు. పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం 1960ల్లో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, ఒక నల్లటి పోర్టబుల్ హెచ్‌ఎంవీ 102 గ్రామఫోనూ, రేకు పెట్టె నిండా రికార్డులూ తాతయ్య చేతిలో పెట్టి వెళ్ళారు. పెట్టెలో 41 రికార్డులు. మామ్మ వాటిని 'దొరల ప్లేట్లు' అనేది. తాతయ్య పోయాక ఆ పెట్టె అటకెక్కింది. నేనూ ఏళ్ళ తరబడి తాళం తీయలేదు. జాగ్రత్తగా దాచుతున్నాననే అనుకున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అటక పక్క కిటికీ రెక్క ఊడిపోయి వాన నేరుగా పెట్టెలో పడింది. మర్నాడు తెరిస్తే కవర్లన్నీ తడిసి ముద్దయ్యాయి, లేబుళ్ళు ఊడి ఒకదాని లేబులు ఇంకోదానికి అంటుకుంది. తొమ్మిది రికార్డులు పోయాయి. మిగతావి మంచం మీద పాత చీర పరిచి ఆరబెట్టాను. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏ వీధి చూసినా కూలిన చెట్లే. నాలుగో రోజు సాయంత్రం, మిగిలినవి పలుకుతాయో లేదో చూద్దామని వరండాలో గ్రామఫోను పెట్టి కీ ఇచ్చాను. అమెరికన్ జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ మోగింది. ఏ చప్పుడూ లేని చీకటి వీధి. ముందు ఎదురింటివాళ్ళు కొవ్వొత్తి పట్టుకుని వచ్చారు, తరవాత వాళ్ళ పక్కింటివాళ్ళు. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఆ రాత్రి పదకొండు రికార్డులు వేశాను. అన్నేళ్ళ పాటు తాళం వేసి ఉంచితే తొమ్మిది పోయాయి, ఒక్కరు కూడా వినలేదు. ఒక్క రాత్రి బయట పెడితే వీధి వీధంతా విన్నది. ఆ పెట్టెకి మళ్ళీ తాళం వేయలేదు.

గ్రామఫోను, ఫోనోగ్రాఫు ఒకటేనా?

మన వాడుకలో అన్నీ గ్రామఫోన్లే. అసలు తేడా ఇది: ఎడిసన్ 1877లో చేసిన ఫోనోగ్రాఫులో రికార్డు గొట్టంలా ఉండేది. మొదట తగరపు రేకు చుట్టిన గొట్టం, తరవాత మైనపు గొట్టం. ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు తీసుకున్న గ్రామఫోనులో రికార్డు బల్లపరుపుగా, పళ్ళెంలా ఉంటుంది. గొట్టం మీద ముల్లు పైకీ కిందకీ కదులుతుంది, పళ్ళెం మీద పక్కలకి కదులుతుంది. ఒక అచ్చు చేసుకుంటే పళ్ళేలు వేలకి వేలు ఒత్తుకోవచ్చు కాబట్టి చివరికి పళ్ళెమే గెలిచింది. అమెరికాలో మాత్రం పళ్ళెం వేసే యంత్రాన్నీ ఫోనోగ్రాఫు అనే పిలిచారు, అక్కడి పుస్తకాలు చదివినవాళ్ళకి గందరగోళం అందుకే. మా దగ్గర గొట్టాల యంత్రం ఒకటే ఉంది. మైనపు గొట్టాలకి బూజు పడుతుంది, చెయ్యి జారితే ముక్కలవుతాయి, అందుకని దాన్ని ఏడాదికి రెండుసార్లే బయటికి తీస్తాను.

విశాఖపట్నానికీ జాజ్‌కీ ఏమిటి సంబంధం?

నేరుగా ఏమీ లేదు. జాజ్ అమెరికాలో, న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి సంగీతకారుల చేతుల్లో పుట్టి చికాగోకీ న్యూయార్క్‌కీ వెళ్ళిన సంగీతం. కానీ రికార్డు అన్న వస్తువు సంగతి వేరు. అది మన దాకా వచ్చిన దారి ఉంది, మన దగ్గర్నుంచి వెళ్ళిన దారి కూడా ఉంది.

వచ్చిన దారి రైలు దారి. వాల్తేరు అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉండేది, రైలెక్కితే హౌరా. గ్రామఫోను కంపెనీ 1908లోనే కలకత్తాలో సియాల్దా దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది, తరవాత డమ్‌డమ్‌కి మారింది. మన భాషల పాటలతో పాటు పాశ్చాత్య డాన్స్ సంగీతం కూడా అక్కడ అచ్చయింది. చికాగోలో పేరు తెచ్చుకున్న టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే పియానిస్టు 1940ల్లో కలకత్తాలో బ్యాండు నడిపాడు, అక్కడే రికార్డులిచ్చాడు, 1945లో అక్కడే కలరాతో చనిపోయాడు. మా పెట్టెలో మిగిలిన కవర్లలో చాలావాటి మీద కలకత్తా షాపుల ముద్రలున్నాయి.

వెళ్ళిన దారి లక్కది. 78 స్పీడు రికార్డు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ప్లాస్టిక్కు కాదు. రాతి పొడి, మసి కలిపి లక్కతో ముద్ద చేసి ఒత్తినది. చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురే ఆ లక్క. ప్రపంచానికి ఎక్కువ లక్క మన దేశం నుంచే వెళ్ళేది. అంటే న్యూయార్క్‌లో అచ్చయిన రికార్డులో కూడా మోదుగ, రేగు చెట్ల మీది జిగురు ఉండే అవకాశం ఎక్కువ. ఏటికొప్పాక బొమ్మలకి పూసేదీ ఈ లక్కే. అక్కడ అంకుడు కర్ర గిరగిరా తిరుగుతుంటే రంగు లక్క కడ్డీ దానికి ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. ప్రతిసారీ బల్ల మీద ఒక ఏటికొప్పాక బొంగరమూ, ఒక విరిగిన రికార్డు ముక్కా పక్కపక్కన పెడతాను. ఆ ముక్కని వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి.

ఇంకో సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అదే నెలలో అమెరికా ప్రభుత్వం, ఆసియా నుంచి లక్క రావడం కష్టమై, యుద్ధానికి కాని వాడకాన్ని 70 శాతం తగ్గించింది. కొత్త రికార్డులకి ముడిసరుకు లేక పాతవి జనం దగ్గర తిరిగి తీసుకుని కరిగించారు. ఎన్ని మంచి జాజ్ రికార్డులు అలా కరిగిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

జాజ్ నాకు అర్థం కాదు, అయినా రావచ్చా?

మీలాంటివాళ్ళే రావాలి. కర్ణాటక కచేరీ ఒక్కటి విన్నా మీకు సగం తెలిసినట్టే. పల్లవిలో ఒక వరస అనుకుని, తాళం తప్పకుండా దాన్ని ఎన్ని రకాలుగా పాడొచ్చో అక్కడికక్కడ కల్పించుకుంటూ పోతారు కదా, జాజ్‌లోనూ అదే పని. ముందు అందరూ కలిసి అసలు వరస వాయిస్తారు. తరవాత ఒక్కొక్కరూ తమ మనోధర్మం చూపిస్తారు. బ్లూస్ అనే రకం పాట అయితే ఎక్కువగా పన్నెండు బార్ల, అంటే పన్నెండు సమానమైన తాళపు ముక్కల, ఆవర్తనం తిరుగుతూ ఉంటుంది, వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ వినొచ్చు.

కొత్తవాళ్ళకి నేను మొదట వేసేది ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్‌లో చికాగోలో చేసిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. మొదట్లో తోడు వాయిద్యం ఏదీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే మోగుతుంది. పావు నిమిషం కూడా ఉండదు. తాళం మొదలవకముందు ఒక చిన్న ఆలాపన అనుకోండి. సింహాచలం వైపు నుంచి వచ్చిన ఒక సన్నాయి విద్వాంసుడు ఆ ముక్క మూడుసార్లు వేయించుకుని, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకోవాలని చూశారు.

మూడు నిమిషాల ఇరుకు మనవాళ్ళకీ ఉంది. విజయనగరంలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డూ, ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డూ ఒకదాని తరవాత ఒకటి వేస్తాను. గంటసేపు విస్తరించే విద్య ఉన్నవాళ్ళు పది అంగుళాల పళ్ళెంలో దాన్ని ఎలా సర్దారో అప్పుడు తెలుస్తుంది. ఒక్క క్షణం వృథా పోదు.

మొదటి జాజ్ రికార్డు ఏది?

1917 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండు విక్టర్ కంపెనీకి చేసినది. వాళ్ళు తెల్లవాళ్ళు. ఆ సంగీతాన్ని పుట్టించిన నల్లజాతివాళ్ళ బ్యాండ్లకి రికార్డు చేసే అవకాశాలు విరివిగా వచ్చింది ఆ తరవాత కొన్నేళ్ళకి. ఈ మాట చెప్పకుండా నేను ఆ రికార్డు వేయను.

నాకు మాత్రం 1923 ఏప్రిల్ ముఖ్యం. కింగ్ ఆలివర్ బ్యాండు ఇండియానాలోని రిచ్‌మండ్ అనే ఊళ్ళో జెనెట్ కంపెనీ స్టూడియోలో రికార్డు చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుకెక్కడం అదే మొదలు. స్టూడియో రైలు పట్టాల పక్కనే. రైలు వస్తే రికార్డింగు ఆపేసి, వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టేవారట. మా తాతయ్యకి ఈ కథ తెలిసుంటే ఎంత సంబరపడేవారో.

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా?

ఉన్నాయి, వినండి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ 'నేషనల్ జ్యూక్‌బాక్స్'లోనూ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ వేల కొద్దీ పాత రికార్డులు ఉచితంగా దొరుకుతాయి. నేనూ వింటాను.

కానీ 1925కి ముందు రికార్డింగులో మైకు లేదు. వాయిద్యగాళ్ళంతా ఒక పెద్ద బాకా ముందు నిలబడి వాయించేవారు. ఆ గాలి తాకిడికి ఒక పలచటి పొర కదిలేది, పొరకి తగిలించిన మొన మైనం మీద గీత గీసేది. గట్టిగా డ్రమ్ము కొడితే మొన ఎగిరిపోయేది. అందుకే ఆలివర్ బ్యాండు డ్రమ్మర్ బేబీ డాడ్స్ చెక్క దిమ్మల మీద వాయించాల్సి వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదితే మిగతావాళ్ళు వినపడరని ఆయన్ని దూరంగా నిలబెట్టారని చెబుతారు. ఇప్పుడు మా వరండాలో జరిగేది ఆ పని తిరగేసి చేయడమే. గీత ముల్లుని కదుపుతుంది, ముల్లు సౌండ్ బాక్సులోని అభ్రకం బిళ్ళని కదుపుతుంది, బిళ్ళ గాలిని కదుపుతుంది, గాలి బాకాలోంచి మీ చెవికి. ఆయన ఊపిరికీ మీ చెవికీ మధ్య ఆ శబ్దం ఎక్కడా కరెంటుగా మారలేదు. ఇది ఫోన్లో వినిపించేది కాదు. దగ్గరికొచ్చి బాకా ముందు చెయ్యి పెడితే, శబ్దం అరచేతికి తగులుతుంది.

వేసిన ప్రతిసారీ రికార్డు అరిగిపోదా?

అరుగుతుంది. అబద్ధం చెప్పను. సౌండ్ బాక్సు బరువు వంద గ్రాముల పైన ఉంటుంది. ఇప్పటి ప్లేయర్లలో ముల్లు మీద పడే బరువు రెండు మూడు గ్రాములు. అందుకే ఉక్కు ముల్లు ప్రతి వైపుకీ మార్చేస్తాను, అది ఎంత కొత్తగా కనిపించినా సరే. రికార్డులో రాతి పొడి కలపడానికి ఒక కారణం ఇదే: మొదటి చుట్లలోనే ఆ గరుకు ముల్లు మొనని గీతకి సరిపోయేలా అరగదీస్తుంది. అరగాల్సింది ముల్లు. పాట చివరికి మొన పక్కలు ఉలి అంచులా పదునెక్కుతాయి. ఆ అంచుతో ఇంకో రికార్డు వేస్తే గీతని చెక్కేస్తుంది. భూతద్దం పెట్టి వాడిన ముల్లూ వాడనిదీ పక్కపక్కన చూపిస్తాను. పిల్లలు ఆ భూతద్దం వదలరు.

అరుదైనవి గ్రామఫోను మీద ఏడాదికి ఒక్కసారే వేస్తాను. మిగతా రోజుల్లో అవి కావాలంటే, 78లకి తగిన వెడల్పు ముల్లున్న కరెంటు ప్లేయరు మీద తేలిగ్గా వేసి కంప్యూటర్లో ఎక్కించుకున్న కాపీ వినిపిస్తాను. కొత్త ఉక్కు ముళ్ళు ఇప్పటికీ తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. తుప్పు పట్టిన పాత డబ్బాలోవి వాడకండి.

సౌండు పెంచొచ్చా?

బటన్ లేదు. లావు ముల్లు వేస్తే పెద్దగా, సన్న ముల్లు వేస్తే మెల్లగా పలుకుతుంది, అంతే. వినపడకపోతే కుర్చీ ముందుకి జరుపుకోండి.

పిల్లలు ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు, అంచులు పట్టుకుని. ఒక్కటే షరతు, శానిటైజర్ రాసుకున్న చేతులతో వద్దు. లక్క స్పిరిట్లో కరుగుతుంది. 2021లో ఒకాయన ఎంతో మర్యాదగా చేతులకి శానిటైజర్ పూసుకుని, అవి ఆరకముందే రికార్డు అందుకున్నారు. రెండు బొటనవేళ్ళ గుర్తులు తెల్లగా దాని మీద పడిపోయాయి. ఇప్పుడు ఆ రికార్డు వేస్తే చుట్టుకి రెండుసార్లు 'స్‌స్' అంటుంది. ఆయన తప్పు కాదు, నేను ముందే చెప్పాల్సింది. గుమ్మం దగ్గర సబ్బూ నీళ్ళూ తువ్వాలూ ఉన్నాయి.

మా తాతగారి రికార్డులు ఉన్నాయి. తెస్తే వేస్తారా?

తప్పకుండా. తెలుగువి తెస్తే ఇంకా సంతోషం. సగం సాయంత్రం వాటికే ఇచ్చేస్తాను. హరిశ్చంద్ర పద్యాల రికార్డు తెచ్చిన ఒక పెద్దావిడ, వాళ్ళ నాన్నగారు ఎక్కడ ఆగి 'ఆహా' అనేవారో చూపించారు.

తెచ్చే ముందు అది 78దో కాదో చూడండి. బరువుగా, తడితే రాయిలా మోగి, వంగకుండా ఉంటే 78. కాస్త వంగితే ఎల్‌పీ, అంటే తరవాతి కాలపు ప్లాస్టిక్కు రికార్డు. అది గ్రామఫోను మీద వేస్తే ఒక్క పాటతో పాడైపోతుంది. మన దేశంలో 78లు చాలా కాలం వచ్చాయి, 1960ల్లో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78లుగా అచ్చయ్యాయి. కాబట్టి పేరు చూసి కాదు, వస్తువు చూసి తేల్చుకోవాలి.

శుభ్రం చేయాలంటే స్పిరిటూ, కొలోన్ సెంటూ, కొబ్బరినూనే వద్దే వద్దు. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క సబ్బు, మెత్తటి బట్ట, లేబులు తడవకుండా గీత వెంబడి గుండ్రంగా తుడిచి వెంటనే ఆరబెట్టండి. నానబెట్టకండి. పావు అంగుళం మందం ఉన్న ఎడిసన్ డిస్కులు దొరికితే వాటికి నీళ్ళు అసలు తగలనివ్వద్దు, లోపల చెక్క పొడి ఉబ్బుతుంది. వాటికి ఉక్కు ముల్లు కూడా పెట్టకూడదు.

సముద్రపు గాలికి పాడవకుండా ఎలా దాచాలి?

నిలబెట్టి పెట్టండి, దొంతర పెట్టకండి. డాబా ఇంట్లో పై అంతస్తు గోడ, మే నెలలో బీరువా పైభాగం, రెండూ రికార్డుని అప్పడంలా వంచేస్తాయి. పాత కాగితం కవర్లు తేమ పీల్చుకుంటాయి. కొత్త కవర్లు వేసి, పాతవి విడిగా దాచుకోండి, వాటి మీద షాపుల ముద్రలుంటాయి. చెదలు, బొద్దింకలు లేబుళ్ళ కోసమే వస్తాయి.

యంత్రానికి వారానికి ఒకసారి కీ ఇచ్చి ఒక పాట వేయడమే మందు. ఉప్పుగాలిలో కదలని స్ప్రింగు బిగుసుకుపోతుంది. వేసి అయిపోయాక కీ మొత్తం దిగేదాకా తిరగనివ్వండి. స్ప్రింగు డబ్బా మాత్రం ఇంట్లో విప్పకండి, ఒక్కసారిగా విచ్చుకుంటే చెయ్యి తెగుతుంది.

కొత్తగా ఒకటి కొనాలని ఉంది. ఏది కొనాలి?

మెరిసే ఇత్తడి బాకా, ఎనిమిది మూలల చెక్క పెట్టె, దాని మీద కొత్తగా అతికించిన కుక్క బొమ్మ కనిపిస్తే ఆగండి. అవి పాత పోర్టబుల్ మోటార్లకి కొత్త పెట్టె కట్టి అమ్మే బొమ్మలు. నేను మొదట కొన్నది అలాంటిదే, వందేళ్ళ నాటిదని చెప్పి ఒక పాత సామాన్ల షాపులో అమ్మారు. సౌండ్ బాక్సుని మోసే చేతి మలుపు సరిగా లేక ముల్లు గీతలో నిలవదు, రెండు మంచి రికార్డులు గీసుకుపోయాక గానీ నాకు తెలియలేదు. మొదటిసారి కొనేవాళ్ళు 1930ల నుంచి 50ల దాకా వచ్చిన పోర్టబుల్ పెట్టె తీసుకోండి. మీ ఎదురుగా ఒక వైపు పూర్తిగా వేయించుకుని, చివర్లో స్పీడు పడిపోతోందేమో వినండి.

స్పీడు సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

78 అంటాం గానీ 1920ల రికార్డులు కొన్ని అటూ ఇటూగా ఉంటాయి. నేను హార్మోనియం పక్కన పెట్టుకుంటాను. ట్రంపెట్, క్లారినెట్ ఉన్న బ్యాండ్లు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ లాంటి శ్రుతుల్లో ఎక్కువగా వాయిస్తాయి. పాట రెండు మెట్ల మధ్య పడుతోందంటే స్పీడు మరను కాస్త తిప్పాలి.

ఫోన్లో రికార్డు చేసుకుని పెట్టుకోవచ్చా?

ఒక్క పాట చేసుకోండి, మిగతావి వినండి. ఇంటర్నెట్‌లో పెట్టే ముందు హక్కుల సంగతి చూసుకోవాలి. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకి, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కించి 60 ఏళ్ళు హక్కు. పాట రాసినవాళ్ళదీ బాణీ కట్టినవాళ్ళదీ వేరే హక్కు, వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. అమెరికాలో 1923కి ముందు రికార్డులు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి, ఆ తరవాతవి 2024 నుంచి ఏడాదికి ఏడాది చొప్పున విడుదలవుతున్నాయి.

మా స్కూలుకి వస్తారా?

వస్తాను, డబ్బు అక్కర్లేదు. ఒక పీరియడు, నలభై మంది పిల్లలు, ఫ్యాను ఆపగలిగే గది చాలు. జులై నుంచి ఫిబ్రవరి దాకా వీలవుతుంది. ఎండాకాలం రికార్డులని ఆటోలో తిప్పను.

మా దగ్గరున్నవి ఎంత పలుకుతాయి? కొంటారా?

కొనను, అమ్మను. పాతదైనంత మాత్రాన ఖరీదైనది కాదు, సినిమా పాటలు వేలల్లో అచ్చయ్యాయి. వద్దనుకుంటే ఎవరైనా వినేవాళ్ళకి ఇవ్వండి. గోడ గడియారాలుగా, పూల తొట్లుగా మాత్రం చేయించకండి.

రికార్డులు బండి మీద ఎలా తేవాలి?

స్కూటరు కొక్కేనికి తగిలించకండి. ఒక్కోదాన్నీ ఒక దిండు గలేబులో పెట్టి, అన్నీ కలిపి గట్టి అట్టపెట్టెలో నిలబెట్టి, వెనక కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పెట్టుకుని రండి. గేటు తీసే ఉంటుంది. లోపల రికార్డు తిరుగుతూంటే గుమ్మం దగ్గరే కాస్త ఆగండి. ఎక్కువసేపు కాదు, మూడు నిమిషాలే.